గడప దాటే కాళ్లు

ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏ తల్లి పేరు మీద ఏర్పాటైందో, ఆ పేరు ఆహ్వానపత్రిక మీద ఉంది. ఆమె మంచితనం గురించి, ఆమె చేతి వంట గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. ఇక్కడ చెప్పుకోవలసింది ఆమె చివరి మూడేళ్ల సంగతి. చెప్పమని అడిగింది కూడా ఆమె కుటుంబమే.

డెబ్బై తొమ్మిదో ఏట పెరటి గడప తట్టుకుని ఆమె పడిపోయింది. పడుతూ చెయ్యి ఆనించడంతో మణికట్టు విరిగింది. ఆరు వారాలకు కట్టు విప్పారు, చెయ్యి బాగానే అతికింది. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. పిల్లలు ప్రేమ ఉన్నవాళ్లు. "అమ్మా, ఇక నువ్వు ఏ పనీ ముట్టుకోవద్దు, కృష్ణా రామా అనుకుంటూ హాయిగా కూర్చో" అన్నారు. బియ్యం డబ్బా జరపనివ్వలేదు. డాబా మెట్లు ఎక్కనివ్వలేదు. మొక్కలకు నీళ్లు పోయనివ్వలేదు. మంచినీళ్ల గ్లాసు సైతం మంచం దగ్గరికే వచ్చేది. రెండేళ్లు తిరిగేసరికి సోఫాలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వచ్చింది. మూడో ఏడు ఒక రాత్రి బాత్రూంకి వెళ్తూ పక్కకు ఒరిగి పడింది. ఈసారి విరిగింది తుంటి. ఆపరేషన్ చేశారు. కానీ ఆమె మళ్లీ ఆ పెరటి గడప దాటలేదు.

ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు. ఇలాంటి ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కిందపడి చనిపోయేవాళ్లు ఏటా 6,84,000 మంది. అందులో 80 శాతానికి పైగా మన వంటి అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవాళ్లే. తుంటి విరిగిన పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరు ఏడాది తిరక్కుండానే పోతారు. "పెద్దవాళ్లు పడతారు, మామూలే" అనుకుని సరిపెట్టుకోవడానికి ఇది చిన్న సంఖ్య కాదు.

చాలామంది ఎముకను ఇంటి దూలంలా ఊహించుకుంటారు. ఒకసారి వేశాక అది అలాగే పడి ఉంటుందనుకుంటారు. ఎముక అలాంటిది కాదు. పాత ఎముకను తొలిచే కణాలు, కొత్తది పూసే కణాలు చచ్చేదాకా పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ఎక్కడ ఎంత పూయాలో ఆ కణాలకు తెలిపేది ఒంటి మీద పడే బరువు. జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో అచ్చువేసిన పుస్తకంలో ఇదే చెప్పాడు: ఎముక తాను మోసే భారాన్ని బట్టి లోపలి అల్లికను మార్చుకుంటుంది. ఎనభై అయిదేళ్ల తర్వాత, 1977లో, టెన్నిస్ ఆటగాళ్ల చేతులకు ఎక్స్‌రేలు తీసి చూశారు. రాకెట్ పట్టే చేతిలో భుజం కింది ఎముక గోడ రెండో చేతి కంటే మగవాళ్లలో 35 శాతం, ఆడవాళ్లలో 28 శాతం మందంగా కనిపించింది. మనిషీ ఒక్కరే, తిండీ ఒక్కటే. తేడా అంతా బంతిని కొట్టిన చేతిది. బరువే లేని చోట ఏమవుతుందో వ్యోమగాములు చూపించారు. అంతరిక్షంలో తేలుతూ ఉంటే తుంటి, వెన్ను వంటి బరువు మోసే ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా కరిగిపోతాయి. వాళ్లు బరువు లేకుండా తేలే ఆరోగ్యవంతులు. మంచం మీద కూర్చోబెట్టిన అమ్మ ఎముకలకూ అందే కబురు దాదాపు అదే: ఇక్కడ మోయాల్సిందేమీ లేదు, తొలిచెయ్యవచ్చు.

ఆడవాళ్లకు దీనిపైన మరో దెబ్బ ఉంది. ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ ముట్లుడిగేటప్పుడు తగ్గిపోతుంది. ఆ తర్వాతి అయిదు నుంచి ఏడేళ్లలో ఎముక సాంద్రతలో 20 శాతం వరకూ పోవచ్చు. తెలుగు నేల మీద ఈ మాట చెప్పేటప్పుడు ఇంకో మాట దాచకూడదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలోనే అందరికంటే ఎక్కువ. పిల్లలు పుట్టాక దానితో పనేముంది, తీసేస్తే పీడా పోతుంది అనే మాట పల్లెల్లో ఎంత తేలిగ్గా వినిపిస్తుందో అందరికీ తెలుసు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే, నలభై దాటని మనిషికి ఒక్క రాత్రిలో ముట్లుడిగినట్టే. ఆమె ఎముకలు అరవై ఏళ్ల వయసుకు రావడానికి ఇరవై ఏళ్లు ఆగవు. అలాంటి ఆపరేషన్ చేయించుకున్న ప్రతి స్త్రీకీ ఎముకల సంగతి ఎవరైనా విడమరిచి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇది బాధ్యత గల వైద్యం కాదు.

"మా అమ్మకు వ్యాయామం ఎందుకండీ, పొద్దస్తమానం పనే కదా" అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం 30 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న పేద ఇళ్ల ఆడవాళ్లు 289 మందికి ఎముక సాంద్రత పరీక్షలు చేసి, 2005లో ఫలితాలు ప్రకటించింది. నాలుగో వంతు కంటే ఎక్కువ మందిలో తుంటి మెడ భాగం ఆస్టియోపోరోసిస్ స్థాయికి గుల్లబారి ఉంది. అరవై కూడా నిండని మనుషులు వీళ్లు. సోమరితనం అనే మాట అక్కడ అతకదు. ఆ ఒంటికి చాకిరీ ఉంది, కాల్షియం లేదు. ఎండకు కరువు లేని తిరుపతిలో స్విమ్స్ వైద్యుడు సి.వి. హరినారాయణ్ బృందం చూసినా అదే తంతు: తిండిలో కాల్షియం తక్కువ, ఒంట్లో విటమిన్ డి తక్కువ. వయోజనులకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు, ముట్లుడిగినవాళ్లకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020 నాటి మన దేశపు సిఫారసు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటాయి. రాగి సంకటి తినే సీమ ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇటుకలు లేకుండా ఏ మేస్త్రీ గోడ కట్టలేడు కాబట్టి తిండి మాట ముందు చెప్పాల్సి వచ్చింది.

ఇక చాకిరీ సంగతి. ఎముక లెక్కించుకునేది ఎంతసేపు కష్టపడ్డామన్నది కాదు. 1984లో క్లింటన్ రూబిన్, లాన్స్ లాన్యన్ అనే శాస్త్రవేత్తలు పక్షి రెక్క ఎముక మీద రోజూ లెక్కపెట్టి భారం వేస్తూ చూశారు. రోజుకు నాలుగు సార్లు వేస్తే ఎముక తరగకుండా నిలిచింది. 36 సార్లు వేస్తే పెరిగింది. 1,800 సార్లు వేశారు. 36 సార్లకు వచ్చిన దానికి మించి రాలేదు! కాసేపే అయినా గట్టి భారం, అలవాటు లేని భారం పడితే ఎముక మేలుకుంటుంది. రోజంతా ఒకే తీరున సాగే పనికి అది అలవాటుపడి ఊరుకుంటుంది. గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం, పొయ్యి దగ్గర గంటలు నిలబడటం మనిషిని అలసిపోయేలా చేస్తాయి గానీ ఆమె తుంటికి చేసే మేలు తక్కువ. అలసట వేరు, వ్యాయామం వేరు.

మరి ఎంత గట్టి భారం? ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో బెలిండా బెక్ బృందం చేసిన పరీక్ష పేరు లిఫ్ట్‌మోర్. అప్పటికే ఎముకలు పలచబడ్డ, ముట్లుడిగిన ఆడవాళ్లు 101 మంది. సగటు వయసు 65. వాళ్లలో సగం మంది వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్లెదుట బరువులెత్తారు. నేల మీది కడ్డీని రెండు చేతులా పట్టి నిటారుగా నిలబడటం, భుజాల మీద బరువుతో గుంజీ తీయడం, బరువును తలపైకి నెట్టడం, కమ్మీ పట్టుకుని ఎగిరి పాదాల మీద ధన్‌మని దిగడం. మొదటి నెల తేలిక బరువులతో తీరు నేర్పారు. ఆ తర్వాత ఒక్కొక్కరు ఎత్తగల అత్యధిక బరువులో 85 శాతానికి పైనే, అయిదేసి సార్లు. మిగతా సగం ఇంట్లో తేలికపాటి కసరత్తు చేశారు. ఎనిమిది నెలలకు బరువులెత్తినవాళ్ల నడుం వెన్నులో సాంద్రత 2.9 శాతం పెరిగింది. తేలిక కసరత్తు చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. అంత బరువులెత్తినా జరిగిన ఇబ్బంది ఒక్కటే: ఒకరికి కాస్త నడుం పట్టేసింది. 2018లో ఈ ఫలితాలు అచ్చయ్యే వరకూ, ఎముకలు గుల్లబారిన స్త్రీ బరువు ముట్టుకోకూడదనేదే చాలామంది వైద్యుల సలహా.

బరువులెత్తడం ఆడవాళ్ల పని కాదనే మాట తెలుగువాళ్ల నోట రాకూడదు. ఒలింపిక్స్‌లో భారత స్త్రీకి మొట్టమొదటి పతకం తెచ్చింది శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం అందుకుంది. ఆ తరం ఆడపిల్లల అమ్మలు ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. చిన్నతనంలో నూతి నుంచి చేదతో నీళ్లు తోడి, నిండు బిందె చంకకెత్తి తెచ్చినవాళ్లు. బిందెను ఎలా ఎత్తాలో వాళ్లకు ఏ జిమ్‌లోనూ నేర్పాల్సిన పని లేదు: మోకాళ్లు వంచి, నడుం నిటారుగా ఉంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని పైకి లేవడం. కుళాయి వచ్చింది, మిక్సీ వచ్చింది, గ్యాసు పొయ్యి నడుమెత్తు గట్టెక్కింది. రావాల్సినవే వచ్చాయి. ఆ బిందె ఎముకకు ఇచ్చిన భారాన్ని ఇంకోచోట వెతుక్కోవాల్సి వచ్చింది, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఎవరో చేశారని విని ఎనభై ఏళ్ల అత్తగారి చేత రేపు పొద్దున్నే గ్యాసు సిలిండర్ ఎత్తించకూడదు. లిఫ్ట్‌మోర్‌లోని ప్రతి స్త్రీ పక్కనా తెలిసిన మనిషి నిలబడి ఉన్నారు. ఇప్పటికే వెన్నుపూస నలిగినవాళ్లు, అంటే ఎత్తు తగ్గి వీపు గూని తిరుగుతున్నవాళ్లు, ముందుకు వంగే కసరత్తుల జోలికి పోనేకూడదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మెహర్షీద్ సినాకి 1984లో ప్రకటించిన చిన్న పరిశీలన దీనికి ఆధారం. వెన్ను గుల్లబారిన 59 మంది స్త్రీలను గమనించారు. వీపును వెనక్కి సాచే కసరత్తు చేసినవాళ్లలో 16 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. ముందుకు వంగే కసరత్తు చేసినవాళ్లలో 89 శాతం మందికి. ఏ కసరత్తూ చేయని కొద్దిమందిలో 67 శాతం. ఒక్కో గుంపులో మనుషులు తక్కువే. అయినా ఆ తేడాను పక్కన పెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు. టీవీలో చూసి పాదహస్తాసనం వేస్తున్న నాయనమ్మ దగ్గర కూర్చుని ఇది చెప్పాలి. యోగా మానెయ్యమని కాదు. భుజంగాసనం, వృక్షాసనం ఆమెకు మిత్రులు. నేలను అందుకోవాలని వంగడం మాత్రం వద్దు.

ఎముక గట్టిదైనంత మాత్రాన పని అయిపోదు. పడకపోతే విరగదు. ఈ సగం కథను ప్రపంచానికి బాగా చెప్పింది న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊరు. ఒటాగో విశ్వవిద్యాలయంలో జాన్ క్యాంప్‌బెల్, క్లేర్ రాబర్ట్‌సన్ తదితరులు ఎనభై, ఆపై వయసున్న 233 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. వాళ్లను ఆసుపత్రికి రమ్మనలేదు, ఫిజియోథెరపిస్టే వాళ్ల ఇళ్లకు వెళ్లింది. మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు వెళ్లి ఒక్కొక్కరికి సరిపడా కసరత్తు నేర్పింది. చీలమండలకు చిన్న బరువు కట్టుకుని కాళ్లు ఎత్తడం, మడమల మీద నడక, మునివేళ్ల మీద నడక, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ అడుగులో అడుగు వేయడం, వెనక్కి నడవడం, ఎనిమిది అంకె వేసినట్టు తిరగడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. వారానికి మూడుసార్లు, అరగంట. ఏడాది చివర లెక్క చూస్తే, కసరత్తు లేని గుంపులో 152 సార్లు పడ్డారు. చేసిన గుంపులో 88 సార్లు. 1997లో ఇది అచ్చయింది. తర్వాత ఇదే పద్ధతిని శిక్షణ ఇచ్చిన నర్సు చేత నడిపిస్తే పడటం 46 శాతం తగ్గింది. ఈ రెండో పరీక్ష మన రాష్ట్రాలకు ఎక్కువ పనికొస్తుంది. ప్రతి మండలానికీ సరిపడా ఫిజియోథెరపిస్టులు దొరకడం కష్టం. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం పల్లెలకు అందుబాటులో ఉన్నారు. చీలమండ బరువు బదులు ఇసుక పోసి కుట్టిన గుడ్డసంచి చాలు.

నడక మంచిదే కదా, అది చాలదా? గుండెకూ, చక్కెరకూ, మనసుకూ మంచిదే. పడకుండా ఉండటానికి మాత్రం నడక ఒక్కటే చాలదు. చెయ్యి విరిగి కోలుకున్న 165 మంది ఆడవాళ్ల మీద లండన్‌లో జరిగిన పరీక్షలో, చురుగ్గా నడవమని చెప్పిన గుంపువాళ్లే ఎక్కువసార్లు పడ్డారు. అప్పటికే తూలుతున్న మనిషిని గుంతల రోడ్డు మీద వడివడిగా నడవమంటే జరిగేది అదే. ముందు నిలదొక్కుకోవడం నేర్చి, ఆ తర్వాత నడవాలి. 2019 నాటి కాక్రేన్ సమీక్ష 108 పరీక్షలనూ, 23,407 మందినీ కలిపి చూసింది. వ్యాయామం వల్ల పడటం 23 శాతం తగ్గింది. ఆ లాభంలో పెద్దవాటా శరీరం నిలదొక్కుకునే కసరత్తులదే.

నిలదొక్కుకోవడం అంటే ఏమిటి? బరువు ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి తడబాటు లేకుండా మారడం. అమెరికాలోని ఒరెగాన్‌లో ఫుజోంగ్ లీ బృందం చైనా వాళ్ల తై చి కదలికలను పెద్దవాళ్ల కోసం మలిచి, 670 మంది మీద పరీక్షించింది. ఒళ్లు సాగదీసే కసరత్తు మాత్రమే చేసినవాళ్ల కంటే వీళ్లు పడటం సగానికి పైగా తగ్గింది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన మన పెద్దవాళ్లకు అక్కడి సీనియర్ సెంటర్లలో ఇలాంటి తరగతులు దొరుకుతాయి. చలికాలం మంచు మీద కాలు జారే ఊళ్లలో ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా చేరాలి.

మనకు తై చి లేదు. బతుకమ్మ ఉంది. తొమ్మిది రోజులు వలయంగా తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్లకు అడుగు కలుపుతూ ఆడవాళ్లు ఆడే ఆట. ఆంధ్ర వైపు కోలాటం ఉంది. ముందుకు అడుగు, పక్కకు అడుగు, తిరుగు, ఎదుటివాళ్ల కోలకు కోల తగిలించు. పక్కకు వేసే అడుగు మామూలు నడకలో రానే రాదు. తుంటిని విరిచేది పక్కకు పడటమే కాబట్టి ఆ అడుగు ఎంతో విలువైనది. ఎవరైనా పరిశోధకులు కోలాటం గుంపులను కొలిచి చూడాలి. చిన్నప్పుడు తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద గెంతిన ఆ పిల్లలే ఇప్పుడు ఒంటికాలి మీద పది సెకన్లు నిలవలేకపోతున్నారు. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లు 1,702 మందిని అలా నిలబెట్టి చూస్తే, అయిదుగురిలో ఒకరు నిలవలేకపోయారు. పోయిన బలం తిరిగి వస్తుందా అంటే, 1990లో బోస్టన్‌లో మరియా ఫియటరోన్ చేసి చూపించింది. సగటున తొంభై ఏళ్ల వయసున్న, నర్సింగ్ హోంలో ఉంటున్న పదిమందికి ఎనిమిది వారాలు కాలి బరువులు ఎత్తించారు. తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు ఊతకర్ర పక్కన పెట్టారు. తొంభై ఏళ్లకు!

ఇంటి సంగతులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తడి బాత్రూం, వదులు చెప్పులు, రాత్రి గుడ్డిదీపం, నిద్రమాత్రలు. కంటి పొర కూడా. నాటింగ్‌హామ్‌లో డెబ్బై దాటిన 306 మంది స్త్రీలలో కొందరికి శుక్లం ఆపరేషన్ ఆలస్యం చేయకుండా చేస్తే, వాళ్లు పడటం 34 శాతం తగ్గింది. "ఇంకా కనబడుతోందిగా" అని వాయిదా వేసే ఇళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గడపను కొట్టెయ్యమని ఎవరూ చెప్పరు. పసుపు రాసి బొట్టు పెట్టే గడప అది. అంచు కనబడేలా ముగ్గు గీత తీర్చి, పక్కన గోడకు ఒక కమ్మీ బిగిస్తే సరిపోతుంది.

ఈ ధర్మనిధి వడ్డీతో ఏటా ఒక సభ, శాలువా, పూలదండ జరిపిస్తే గౌరవంగానే ఉంటుంది. ఆ కుటుంబం ఇంకోటి అడిగింది. నెలనెలా పొదుపు లెక్కలు చూసుకునే డ్వాక్రా సమావేశంలో చివరి అరగంట ఈ కసరత్తుకు ఇప్పించాలని, అందుకు ఊరి ఆశా కార్యకర్తకు శిక్షణ ఇప్పించే ఖర్చు ఈ నిధి నుంచే పెట్టాలని. ఆ సమావేశాలకు కోడళ్లు వస్తారు. ముట్లుడగబోయే వయసువాళ్లు వాళ్లే. ఇంట్లో అత్తగారిని కుర్చీలోంచి లేపేదీ వాళ్లే.

హాలు వెనక గోడకు ఆనించి ఆరు కుర్చీలు వేసి ఉన్నాయి. చేతుల్లేని కుర్చీలు. పక్కనే ఫిజియోథెరపిస్టు ఉంటారు. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో చూసుకోవచ్చు. ఆడవాళ్లకు అమెరికా రోగ నివారణ కేంద్రం పెట్టుకున్న లెక్క ఇది: 60 నుంచి 64 ఏళ్లకు 12, 65 నుంచి 69కి 11, డెబ్బైల్లో 10, ఎనభై దాటాక 84 దాకా 9. అంతకు తగ్గితే పడే ప్రమాదం ఉందని అర్థం. స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేది ఆ తల్లి పెద్దకూతురు. ఆమెకు అరవై ఒకటి. నిన్న సాయంత్రం కుర్చీలు సర్దుతూ తానే ముందు కూర్చుని చూసుకుంది. తొమ్మిది సార్లు లేచింది. ఆ తొమ్మిదిని ఈ సభలో చెప్పమంది.